పన్నెండో సంతకం

పోయినవారం మనం కోర్టు మెట్ల దగ్గర ఆగాం. పీపాలు చేసే ముసలాయన బల్తజార్ రింకర్ ఓటు చెప్పడానికి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడో లేదో, షెరీఫు గారికి ఆకలేసింది. గంట కొట్టించి, ఓట్ల పుస్తకం టపీమని మూసి, "గంటసేపు భోజనాలు" అంటూ లోపలికి వెళ్ళిపోయాడు. అప్పటికి మేజర్ పీచీకి నూట నలభై ఆరు ఓట్లు, మన డాక్టర్ లోరెంజ్ హాగెడోర్న్‌కి నూట ముప్పై ఏడు. పొద్దుగూకే లోపు ఇంకా వందమంది దాకా చెప్పాలి.

రింకర్ మాత్రం మెట్టు దిగలేదు. దిగితే వంతు పోతుందని అక్కడే కూలబడి, జేబులోంచి రొట్టెముక్క తీసి నింపాదిగా నములుతున్నాడు. జనం ఆయనకు నాలుగడుగులు ఎడంగా నడుస్తున్నారు. ఏడేళ్ళుగా ఆ నాలుగడుగుల ఎడం అలాగే ఉంది.

ఎందుకో మధ్యలో చదవడం మొదలుపెట్టినవాళ్ళకు చెప్పాలి. మశూచి రాకుండా ఉండాలంటే, తేలిగ్గా వచ్చినవాళ్ళ పుండు చీము కాస్త తీసి, పిల్లల చేతికి చిన్న గాటు పెట్టి అంటిస్తారు. నాలుగు రోజులు జ్వరం, పది పొక్కులు, ఆ తర్వాత జన్మలో మళ్ళీ రాదు. కానీ గాటు పడ్డ పిల్లల నుంచి పక్కింటికి పాకే ప్రమాదం ఉంది. అందుకని మన వర్జీనియా చట్టం ఒక మెలిక పెట్టింది. చుట్టూ రెండు మైళ్ళలో ఉన్న ఇంటి యజమానుల్లో సగానికి పైగా ఒప్పుకుని సంతకం పెడితే గానీ డాక్టరు గాటు పెట్టకూడదు. ఏడేళ్ళ కిందటి చలికాలంలో, మశూచి నది అవతలికి వచ్చినప్పుడు, లోరెంజ్ ఆ కాగితం పట్టుకుని గడపగడపా తిరిగాడు. రెండు మైళ్ళలో ఇరవై మూడు ఇళ్ళు. పన్నెండు సంతకాలు కావాలి. పదకొండు వచ్చాయి. పన్నెండోది రింకర్‌ది. ఆదివారం చర్చి గుమ్మంలో, అందరూ చూస్తుండగా, "నిక్షేపంలాంటి పిల్లలకి రోగం అంటిస్తారా? నావల్ల కాదు" అని ఆయన వెళ్ళిపోయాడు. ఆ పై వారం గురువారానికి డాక్టరు గారి ఐదేళ్ళ కూతురు లిస్బెత్‌కి జ్వరం వచ్చింది. మరో పదిరోజులకు పిల్ల లేదు.

లోకానికి తెలిసిన కథ ఇది. "ఒక పొరుగువాడి సంతకం లేక నా బిడ్డ పోయింది, ఆ చట్టం మార్చడానికి నన్ను రిచ్‌మండ్ సభకు పంపండి" అని లోరెంజ్ ప్రతి మిల్లు దగ్గరా, ప్రతి చర్చి ముందూ చెబుతూ వచ్చింది కూడా ఇదే. పేరు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన పని ఎవరికుంది?

లోకానికి తెలియనిది డాక్టరు గారి భార్య కత్రీనా కీర్తనల పుస్తకం అట్టలో ఉంది. నాలుగు మడతల కాగితం. దాని మీద పదకొండు పేర్లు, పన్నెండోచోట పేరు బదులు ఒక ముద్ర: గుండ్రటి గీతలో మూడాకులు. రింకర్‌కి రాయడం రాదు. తను చేసిన ప్రతి పీపా అడుగునా కాల్చి వేసే ముద్రే ఆయన సంతకం. ఆ కాగితం ఏడేళ్ళుగా ఆ పుస్తకంలోనే ఉంది. ప్రతి ఆదివారం కత్రీనా దాన్ని ఒళ్ళో పెట్టుకునే పాటలు పాడింది.

జీనులు కుట్టేవాడి దొడ్లో తమ బండి వెనక ఆమె బల్లచెక్క పరిచి భోజనం సర్దింది. రై రొట్టె, పొగపెట్టిన సాసేజీ, ఎండు ఆపిల్ ముక్కలతో ఉడికించిన పిండి ఉండలు. పొద్దున్నే వండి, గిన్నెకు దుప్పటి చుట్టి తెచ్చింది. ఏప్రిల్ ఎండ హాయిగా ఉంది.

లోరెంజ్ మెడగుడ్డ వదులు చేసుకుంటూ వచ్చాడు. పొడుగాటి మనిషి, నలభై ఐదు దాటాడు, నవ్వితే ముందు కళ్ళు నవ్వుతాయి.

"విన్నావా కత్రీనా? మేజరు మనిషి ఒకడు పంచ్ సారా పీపా ఎక్కి కూర్చుని అరుస్తున్నాడు. 'పద్నాలుగేళ్ళ కిందట ఇంగ్లండు రాజు కూలి తిని మనల్ని చంపడానికొచ్చినోడు ఇయ్యాళ మనకి చట్టాలు రాస్తాడంట!' అని."

"ఎవడు వాడు?"

"ఇంకెవడు, టాలివర్. వాడి పిప్పిపన్ను పీకింది నేనే. అప్పుడు నా హెస్సీ జర్మన్ యాస వాడికి అడ్డం రాలేదు. నా వేలు మాత్రం కొరికాడు."

మామూలు రోజైతే ఆమె పడీపడీ నవ్వేది. ఇవాళ గిన్నె మూత తీసి, అతని పళ్ళెంలో ఉండలు వడ్డించి ఊరుకుంది. ఆ హెస్సీ యాసనే ఆమె పద్నాలుగేళ్ళ కిందట ప్రేమించింది. యుద్ధఖైదీగా లోయకు వచ్చిన పటాలం వైద్యుడు, కట్లు కట్టే చేత్తోనే వాళ్ళ నాన్న గోధుమలు కోసిపెట్టి, జీతం బదులు "మీ అమ్మాయి చేసే సూప్ ఇంకో గిన్నె" అని అడిగిన మనిషి.

అతను ఒక ముద్ద తిని చెంచా పక్కన పెట్టాడు. "ఒక మాట చెప్పాలి. భోజనం అయ్యాక మొదటి ఓటు రింకర్‌దే. మేజరుకే వేస్తాడు, వెయ్యనీ. ఒకవేళ పొరపాటున నాకు వేసినా నేను లేవను."

మన లోయలో ఓటంటే చాటుమాటు వ్యవహారం కాదు కదా. మెట్లెక్కాలి, షెరీఫు అడిగితే ఊరంతా వినేలా పేరు చెప్పాలి, గుమస్తా రాసుకోవాలి. వెంటనే ఆ ఓటు పడ్డ పెద్దమనిషి లేచి, వంగి, ఓటేసినవాణ్ణి పేరుపెట్టి పిలిచి కృతజ్ఞత చెప్పాలి. బద్ధశత్రువు వేసినా చెప్పాల్సిందే. చెప్పకపోతే ఆ మనిషి మొహాన ఉమ్మేసినట్టే.

"లేవకపోతే ఆయన పరువేం కాను?"

"ఆయన పరువా? నేను ఎదురు మాట్లాడతాను. ఇన్నాళ్ళూ 'ఒక పొరుగువాడు' అన్నాను. ఇవాళ పేరు చెప్తా. 'ఇదుగో, ఈయనే. ఈయన చెయ్యి కదపకపోవడం వల్లే నా లిస్బెత్ పోయింది' అంటా. ఇంకా ఎటూ తేల్చుకోనివాళ్ళు పాతిక ముప్పై మంది ఉన్నారు. అది వింటే ఇటు తిరుగుతారు. మనవాళ్ళందరూ అదే మాట. చెప్పెయ్యి డాక్టర్, ఇంకెప్పుడు చెప్తావ్ అని."

"చెప్పకు, లోరెంజ్."

"ఎందుకు?"

"పాపం, ముసలాయన."

"మన పిల్ల ముసలిది కాలేదు కదా," అన్నాడు అతను. గొంతు పెంచలేదు. అందుకే ఆమెకు ఇంకా బాధేసింది.

దూరంగా కోర్టు ముందు చౌకులో పంచ్ గరిటెల చప్పుడు, నవ్వులు. మేజరు గారి గుర్రాలు పట్టుకున్న నల్ల బానిసలు, భూమిలేని కూలీలు, ఆడవాళ్ళు దడి అవతల నిలబడి ఉన్నారు. వాళ్ళెవరికీ ఆ మెట్ల మీద పని లేదు. కత్రీనా కీర్తనల పుస్తకం ఒళ్ళోకి తీసుకుంది. ఏడేళ్ళ నుంచి వెయ్యిసార్లు ఈ మాట లోపల చెప్పుకుంది. వెయ్యిసార్లూ చాలా మాటలుండేవి. ఇప్పుడు మూడే వచ్చాయి.

"ఆయన సంతకం పెట్టాడు."

లోరెంజ్‌కి ముందు అర్థం కాలేదు. నవ్వబోయి ఆగాడు. ఆమె అట్ట లోపలి గుడ్డ పిగిల్చి, కాగితం తీసి, అతని పళ్ళెం పక్కన పెట్టింది. అతను మడతలు విప్పాడు. తన చేతిరాతే పైన. కింద పేర్లు. పిల్లలు లెక్క నేర్చుకునేటప్పుడు పెట్టినట్టు ఒక్కో పేరు మీదా వేలు పెట్టుకుంటూ దిగాడు. పన్నెండో చోట వేలు ఆగింది. మసి అద్ది వేసిన మూడాకులు.

"ఎప్పుడు?"

"శుక్రవారం. చర్చి దగ్గర వద్దన్న ఐదో రోజు. నువ్వు నది అవతలున్నావు. మోకాలు లోతు మంచులో నడిచొచ్చాడు. నువ్వు వాళ్ళింట్లో వదిలేసి వచ్చిన కాగితం చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు. 'నాలుగు రాత్రులు నిద్ర లేదమ్మా. భయం నాది, పిల్లలదేం కాదు కదా. నా భయం వాళ్ళకి అంటించడమేంటి' అన్నాడు. లిస్బెత్ బుగ్గ గిల్లి వెళ్ళిపోయాడు."

"మరి నువ్వు..."

"ఆ సాయంత్రం నువ్వొచ్చావు. ఒళ్ళు తెలీకుండా అలసిపోయున్నావు. రేపిద్దాం అనుకున్నాను." ఆమె ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. "మా యోస్ట్ సంగతి నీకు తెలుసు కదా. నా తమ్ముడు. గాటు పెట్టించారు, తొమ్మిదో రోజున పోయాడు. చెయ్యి పట్టుకుని కూర్చుంది నేనే. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నీ చేతిలో కత్తి, లిస్బెత్ చిన్న చెయ్యి, నా కళ్ళముందు అదే ఆడింది. రేపిద్దాం, రేపిద్దాం అనుకున్నాను. శనివారం అదే, ఆదివారం అదే. గురువారం దానికి ఒళ్ళు కాలిపోయింది. ఇంక ఇవ్వడానికేముంది?"

లోరెంజ్ లేచాడు. బండి గుర్రం దగ్గరికి వెళ్ళి, కాలు పైకెత్తి గిట్ట చూశాడు. దానికేం కాలేదు. అయినా చాలాసేపు చూశాడు. కత్రీనాకి అతని వీపే కనపడుతోంది. అతను కొట్టినా బాగుండు, తిట్టినా బాగుండు అనుకుంది.

"ఏడేళ్ళు," అన్నాడు చివరికి, గుర్రంతో చెబుతున్నట్టు. "ఏడేళ్ళు ఆ మనిషి ఎదురొస్తే నేను తల తిప్పుకున్నాను. ఆయన దగ్గర పీపాలు కొనొద్దని జనానికి చెప్పకుండానే చెప్పాను. ఊరూరా ఆయన్ని కడిగేశాను. నువ్వు ముందు వరుసలో కూర్చుని విన్నావు!"

"విన్నాను. విన్నప్పుడల్లా నా పేరే వినిపించేది."

"ఆయనెందుకు నోరు మెదపలేదు?"

"తెలీదు. అడిగే ధైర్యం నాకు లేదు." ఆమెకు ఏడుపు ఆగలేదు. "నేనే చంపుకున్నాను, లోరెంజ్. శుక్రవారం నుంచి గురువారం. ఆరు రోజులు. ఆరు రోజులు నా చేతిలో పెట్టాడు దేవుడు. పడుకున్నా లేచినా ఆ ఆరు రోజులే లెక్కపెడతాను."

గుర్రం కాలు నేలకు దించి అతను వెనక్కి తిరిగాడు. మొహం పాలిపోయి ఉంది. కోపం కాదు అది. ఆమె ఎన్నడూ చూడనిదేదో ఉంది ఆ మొహంలో.

"ఆరు కాదు, కత్రీనా. పన్నెండు."

"ఏంటి పన్నెండు?"

అతను వచ్చి ఆమె ఎదురుగా నేలమీదే కూర్చున్నాడు. "మశూచి ఒంట్లో దూరాక జ్వరం బయటపడటానికి పన్నెండు రోజులు పడుతుంది. ఏ ఇంటికెళ్ళినా నేను మొదట అడిగేదదే కదా? జ్వరం ఏ రోజు మొదలైంది, దానికి పన్నెండు రోజుల ముందు ఎవరొచ్చారు అని. గురువారం నుంచి వెనక్కి లెక్కపెట్టు."

ఆమె వేళ్ళు మడిచింది. గురువారం, బుధవారం, మంగళవారం... శుక్రవారం దాటింది. చర్చి ఆదివారం దాటింది. వేళ్ళు శనివారం దగ్గర ఆగాయి.

"ఆ శనివారం నేను నది అవతల మిల్లువాళ్ళింటి నుంచి వచ్చాను," అన్నాడు లోరెంజ్. "ముగ్గురికి మశూచి పోసిన ఇల్లు. నా పద్ధతి నీకు తెలుసు. కొట్టంలో కోటు విప్పి, పొగబెట్టి, వెనిగర్‌తో చేతులు కడుక్కుని గానీ గడప తొక్కను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. ఆరోజు మంచు పడుతోంది. గుర్రం దిగీ దిగగానే లిస్బెత్ పరిగెత్తుకొచ్చింది, చేతిలో ఆ బుల్లి బకెట్టు..."

"రింకర్ బాబాయి చేసిచ్చింది."

"అదే. బకెట్టు అక్కడ పడేసి నా కోటులోకి దూరింది. 'ఇది నాన్న ఇల్లు' అంది. గుండీలు పెట్టెయ్యమంది. నాకు చలేస్తోంది, కత్రీనా. అది వెచ్చగా ఉంది. ఒక్క నిమిషమే కదా అనుకున్నాను. గుండీలు పెట్టేశాను."

ఆమెకు గుర్తొచ్చింది. కిటికీలోంచి చూసి నవ్వుకుంది కూడా. కోటు కింద నుంచి రెండు చిన్న బూట్లు మాత్రం కనిపించాయి.

"నీకు తెలుసా ఇన్నాళ్ళూ?"

"పిల్లను పూడ్చిన వారంలోనే లెక్క తేలింది. తప్పించుకోలేని లెక్క." అతను మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. "రింకర్ వద్దన్నాడు కదా, ఆయన్ని పట్టుకున్నాను. ఆయన్ని తిట్టిన రోజు నిద్రపట్టేది. నేను రిచ్‌మండ్ సభకి వెళ్ళేదీ, చట్టం మార్చేదీ అన్నీ నిజమే. కానీ వాటి వెనక ఇదుంది. నా తప్పు మొయ్యడానికి ఒక ముసలాయన దొరికాడు."

కత్రీనా అతని పక్కకు జరిగి కూర్చుంది. "శుక్రవారమే గాటు పెట్టుంటే బతికేదా?" అని అడిగింది, చిన్నపిల్లలా.

"ఏమో. అప్పటికి దూరి ఆరు రోజులే కాబట్టి బతికేదేమో. బతక్కపోవునేమో. నిజంగా తెలీదు. తెలిసినట్టు చెప్తే నీకు హాయిగా ఉంటుంది, కానీ నీకు అబద్ధం చెప్పలేను."

ఆ "తెలీదు" అన్న మాటే ఆమె గుండెను కాస్త వదులు చేసింది. ఒకే మంచం మీద, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే బిడ్డను తామే చంపామనుకుంటూ ఏడేళ్ళు పడుకున్నారు వాళ్ళిద్దరూ. అతని భుజం మీద తల పెట్టి ఆమె ఏడ్చింది. అతను ఏడ్చాడు. గిన్నెలో పిండి ఉండలు చల్లారిపోయాయి. చివరికి ఆమె రొట్టె రెండుగా తుంచి, పెద్ద సగం అతని చేతిలో పెట్టింది.

"తిను డాక్టరయ్యా. ఖాళీ కడుపుతో నిలబడలేవు."

"ఏమని నిలబడను?" అన్నాడు అతను. "కోటు సంగతి చెప్తే అయిపోయినట్టే. 'చూశారా, రోగం మోసుకొచ్చేది డాక్టర్లే, వీళ్ళకి గాటు పెట్టే హక్కు కూడా ఇవ్వాలా' అంటారు. టాలివర్ గొంతు అప్పుడే నా చెవిలో మోగుతోంది. నేను ఓడితే చట్టం అలాగే ఉంటుంది. మళ్ళీ చలికాలం వస్తుంది. మళ్ళీ ఎవరో ఒక సంతకం కోసం తిరుగుతారు."

"చెప్పకపోతే?"

అతను మెట్ల వైపు చూశాడు. దొడ్డి దడి సందులోంచి రింకర్ తెల్లటి తల కనిపిస్తోంది. ఒళ్ళోని రొట్టెపొడి దులిపి పిచ్చుకలకు వేస్తున్నాడు ఆయన.

"చెప్తాను," అన్నాడు లోరెంజ్. "నాది నేను చెప్తాను. నీది మాత్రం చెప్పను. కాగితం ఇంటికొచ్చింది, నేనే ఎక్కడో పెట్టి మర్చిపోయానంటాను. ఆ ఒక్క అబద్ధం నాకు వదిలెయ్యి."

అతను కాగితం కోసం చెయ్యి చాపితే, "నా దగ్గరే ఉండనీ" అని ఆమె దాన్ని మళ్ళీ పుస్తకంలో పెట్టుకుంది.

గంట మోగింది. లోరెంజ్ మెడగుడ్డ బిగించుకుని ముందు వెళ్ళాడు. కత్రీనా జనంలోంచి దారి చేసుకుని, ఆ నాలుగడుగుల ఎడం దాటి, మెట్టు దగ్గరికే వెళ్ళి నిలబడింది. ఎవరో ఈల వేశారు.

"తిన్నావా అమ్మాయ్?" అన్నాడు రింకర్, నిన్న సాయంత్రమే మాట్లాడుకున్నంత మామూలుగా.

"చెప్పేశాను, బాబాయ్."

ఆయన పిచ్చుకలకు రొట్టెపొడి వెయ్యడం ఆపేశాడు. "ఎందుకు చెప్పావే పిచ్చిదానా? నేను మోస్తున్నాగా. పీపాలు మోసే వీపు, నాకు బరువేంటి?"

"ఎందుకు మోశావు?"

"పూడ్చిన రోజు గొయ్యి దగ్గర నీ మొహం చూశాను. కాగితం ఇచ్చావా అని అడుగుదామనే వచ్చాను. చూశాక ఇంక అడగాల్సిన పని లేకపోయింది." ఆయన టోపీ సర్దుకుంటూ లేచాడు. మోకాళ్ళు పటపటమన్నాయి. "ఆ మొహం మీద ఇంకో దెబ్బ వెయ్యడానికి నాకు చేతులు రాలేదు. అయినా మొదట వద్దన్నది నేనే కదా. ఐదురోజులు ఆలస్యం నాది కూడా. పక్కకి జరుగు, షెరీఫు పిలుస్తున్నాడు."

రింకర్ ఆరు మెట్లూ ఎక్కాడు. మేజర్ పీచీ, లోరెంజ్ బల్లకు చెరోవైపు కూర్చున్నారు. మెట్ల పక్కనే మేజరు గారి పంచ్ పీపా బోర్లించి ఉంది, ఖాళీ అయిపోయింది మరి. టాలివర్ దాని మీద కూర్చుని కాళ్ళూపుతున్నాడు.

"పేరు?"

"బల్తజార్ రింకర్. తెలీనట్టు అడుగుతావేం?"

ఒకరిద్దరు నవ్వారు.

"ఎవరికి?"

ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "హాగెడోర్న్‌కి."

టాలివర్ చేతిలో గరిటె జారి కిందపడింది. గుమస్తా తప్పు విన్నాననుకుని మళ్ళీ అడిగాడు. "డాక్టర్ హాగెడోర్న్‌కి. చెవుడా?" అన్నాడు రింకర్. "నాలాంటి భయస్తుడు ఒక్కడు ఊరిని ఆపేసే చట్టం ఉండకూడదు. అది ఈ మనిషే మార్చగలడు."

ఇక లోరెంజ్ లేవాలి. జనం కళ్ళన్నీ అతని మీదే. లేస్తాడా లేదా అని పందేలు కాసినవాళ్ళు కూడా ఉన్నారు. లోరెంజ్ లేచాడు. ఏడేళ్ళ తర్వాత ఆ ముసలాయన కళ్ళలోకి చూశాడు. వంగాడు. మామూలు కంటే కిందికి వంగాడు.

"బల్తజార్ రింకర్ గారూ," అన్నాడు. "మీ ఓటుకి కృతజ్ఞత చెప్పే అర్హత నాకింకా లేదు. షెరీఫ్ గారూ, ఒక్క నిమిషం కలం ఆపించండి. ఇది రాసేముందు ఓటర్లు వినాల్సింది ఒకటుంది."

షెరీఫు గుమస్తా చెయ్యి పట్టుకున్నాడు.

"నా కూతురికి మశూచి తెచ్చింది నేనే," అన్నాడు లోరెంజ్. "నా కోటులో తెచ్చాను. రోగుల ఇంటి నుంచి వచ్చి, కోటు విప్పకుండా దాన్ని ఎత్తుకున్నాను. అది తెలిసి కూడా ఈ పెద్దాయన మీద నింద వేశాను."

చౌకులో ఒక్కసారిగా గోల లేచింది. "విన్నారా? వీడే తెచ్చాడంట!" అని టాలివర్ పీపా మీద నిలబడి చప్పట్లు కొట్టాడు. ఓటు చెప్పడానికి వరుసలో నిలబడ్డవాళ్ళు ఇద్దరు పక్కకు తప్పుకున్నారు. కత్రీనా వాళ్ళను చూసింది. లోరెంజ్ కూడా చూశాడు, అయినా ఆగలేదు.

"ఇంకొకటి. రింకర్ గారు సంతకం పెట్టలేదని మీరందరూ అనుకుంటున్నారు. పెట్టారు. ఆ కాగితం నా ఇంటికొచ్చింది. దాన్ని నేనే ఎక్కడో..."

"ఆగు, లోరెంజ్."

పెద్దగా అరవలేదు కత్రీనా. కానీ అప్పటికే ఆమె మూడో మెట్టు మీద ఉంది. ఆ మెట్లు కట్టిన నాటి నుంచి ఓట్ల రోజున వాటిని ఎక్కిన ఆడది లేదు. "అమ్మా, దిగండి. ఇక్కడ మీకు మాట లేదు," అన్నాడు షెరీఫు కంగారుగా. రింకర్ రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "వద్దమ్మా, నీకు దణ్ణం పెడతా, వద్దు."

ఆమె ఆయన చేతులు పక్కకు జరిపి, పైకెక్కి, కాగితం విప్పి, అందరికీ కనపడేలా పైకెత్తింది. గాలికి అది రెపరెపలాడింది. ముందు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత వరుసలో ఉన్న ఒక రైతు కాగితం వంక చూసి, టాలివర్ కాళ్ళ కింది పీపా అడుగు వంక చూసి, "మూడాకులు!" అన్నాడు. "అదే ముద్ర! ముసలాయన ముద్రే!" టాలివర్ పీపా దిగి, వంగి చూశాడు. చప్పట్లు ఆగిపోయాయి.

మేజర్ పీచీ నెమ్మదిగా లేచాడు. మర్యాదస్తుడు, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. కానీ గెలవాలనుకునేవాడు కూడా.

"అమ్మా, క్షమించాలి, ఒక్కటే అడుగుతాను. ఈ కాగితం ఏడేళ్ళుగా ఎవరి దగ్గరుంది?"

లోరెంజ్ తల అడ్డంగా ఊపాడు, చెప్పొద్దని. వద్దు కత్రీనా, అన్నట్టు అతని పెదాలు కదిలాయి. ఆ క్షణంలో ప్రేమించినంతగా అతన్ని ఆమె ఎన్నడూ ప్రేమించలేదు. మగవాళ్ళు ఓటు చెప్పేటప్పుడు నిలబడినట్టే బల్ల ముందు నిటారుగా నిలబడి, ఊరంతా వినేలా చెప్పింది.

"నా దగ్గర."

గుమస్తా కలం రింకర్ పేరు పక్కన గాల్లోనే ఆగి ఉంది. కింద ఇంకా వందమంది ఓటు చెప్పాలి.